దిబ్బ పెంచిన ముత్తాత

ఆ రోజుల్లో కొత్త మనిషి కనబడితే ముందు అడిగేది పేరు కాదు, ఊరు. ఊరు చెప్పాకైనా వదిలేవారా అంటే అదీ లేదు. "అది సరే, అసలు మీదేవూరు?" అని రెండో ప్రశ్న సిద్ధంగా ఉండేది. బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ దగ్గర్నుంచి బడి తనిఖీకి వచ్చిన అధికారి దాకా అందరికీ ఆ 'అసలు' కావాలి. మిగతావాళ్ళు ఠపీమని చెప్పేవారు. మాకు మాత్రం చెప్పడానికేమీ లేదు. మా ముత్తాత ఎక్కడినుంచో వచ్చాడు. ఎక్కడినుంచి, ఎందుకు అన్నది మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. మూడు తరాలు గడిచినా ఊళ్ళో వాళ్ళకు మేం 'వచ్చినోళ్ళ'మే. పంతొమ్మిదేళ్ళ వయసులో నాకేమో లోకంలో ప్రతి ప్రశ్నకూ జవాబు ఉండి తీరాలనీ, అది నాకు తెలిసి తీరాలనీ గట్టి నమ్మకం. (ఇప్పుడు కళ్ళజోడు ఎక్కడ పెట్టానన్న ప్రశ్నకే జవాబు దొరకడం లేదు.)

మా ఊరు అల్లూరుకి తూర్పున, బకింగాం కాలవ దాటాక, సముద్రం హోరు వినబడేంత దూరంలో ఉండేది. కాలవకు ఇవతల ఇసక, సరుగుడు తోపులు. అవతల వరి మళ్ళు. మా నాన్న మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. నేను టీచరు ట్రైనింగు పూర్తి చేసి మా ఊరి మిషను బళ్ళోనే మూడో తరగతికి పాఠాలు చెబుతున్నాను. ఇంటికి పెద్ద మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి. తాత నేను పుట్టకముందే పోయాడు. అవ్వ తక్కువ మాట్లాడేది. మాట్లాడినప్పుడు మాత్రం ఎదుటివాడికి తిరిగి అనడానికి ఏమీ మిగిలేది కాదు. అవ్వకు ఒక తమ్ముడున్నాడు. ఆయన మా సంఘానికి పెద్ద. చర్చిలో నలుగురు పట్టే బల్ల ఒకటి అందరికంటే ముందు ఉండేది, దాని కుడిచివర ఆయన చోటు. ఆయన జ్వరంతో ఇంట్లో పడుకున్నా ఆ చోట ఇంకెవరూ కూర్చునేవారు కాదు. అందుకని మేం ఆయన్ని ముందుబల్ల తాత అనేవాళ్ళం. ఆయన అక్క, అంటే మా అవ్వ, ఆడవాళ్ళ వైపు అందరికంటే వెనక, తలుపు పక్క చాప మీద కూర్చునేది. ముందుబల్ల తాత మా ఇంటికి వచ్చేవాడు, నిలబడి నాలుగు మాటలు మాట్లాడేవాడు, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయేవాడు. మా ఇంటి నీళ్ళు ఆయన ఒంటికి పడవేమోనని చిన్నప్పుడు జాలిపడేదాన్ని.

అరవయ్యో దశకం మొదట్లో ఒక జనవరి ఆదివారం గొడవ మొదలైంది. మా సంఘంలో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్న కుటుంబాల పేర్లు ఒక రాతి మీద చెక్కించి చర్చి గోడకు పెట్టాలని తీర్మానించారు. ముందుబల్ల తాత జాబితా చదివాడు. ఏడు కుటుంబాలు. మాది లేదు. నేను గిరుక్కున వెనక్కి తిరిగి అవ్వ వైపు చూశాను. ఆవిడ కొంగు చివర ముడి విప్పి మళ్ళీ వేసుకుంటోంది, అంతే. ఆశీర్వాదం అయిందో లేదో నేను లేచి, మా కుటుంబం పేరు ఎందుకు లేదని అడిగాను. పెళ్ళికాని పిల్ల సంఘం మధ్యలో లేచి అడగడం మా ఊళ్ళో అంతకుముందు లేదు. ముందుబల్ల తాత నా వైపు చూడకుండా, "మీ వాళ్ళు తర్వాత వచ్చినోళ్ళు పాపా. మొదట వచ్చినోళ్ళు కాదు," అన్నాడు. పాస్టరు అయ్యగారికి గొడవలంటే భయం. ఆగస్టులో సంఘ పండుగకు రాయి నిలబెడతామనీ, ఏడు పేర్ల కింద ఒక వరస ఖాళీగా ఉంచమని చెబుతాననీ, ఈలోగా ఆధారం ఏదైనా తెస్తే చెక్కిస్తాననీ అన్నాడు. ఆయన ఏదో అప్పటికి గండం గడుపుకుందామని అన్న మాట. నేను దాన్ని పట్టుకున్నాను.

ఇంటికొచ్చాక అవ్వ, "వద్దులే పాపా, రాతి మీద పేరుంటే కూడు పెడతాదా," అంది. అది ఆవిడ మంచితనం అనుకున్నాను. మరుసటి ఆదివారం అవ్వ మోకాలు నొప్పి అని చర్చికి రాలేదు. నాకు బుద్ధి తెలిశాక ఆవిడ చర్చి మానడం అదే మొదలు. ఆ మధ్యాహ్నమే బావి దగ్గరకు వెళ్ళి రెండు బిందెల నీళ్ళు మోసుకొచ్చింది. అంటే నొప్పి మోకాలిలో లేదన్నమాట. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆగస్టు లోపల ఆ ఖాళీ వరసలో మా ముత్తాత పేరు చెక్కించి, అవ్వను ముందు బల్ల పక్కన కూర్చోబెట్టకపోతే నేను టీచరునే కాదని ఒట్టు పెట్టుకున్నాను. అల్లూరు వెళ్ళి రూళ్ళ నోటుబుక్కు కొన్నాను. అట్ట మీద ఎర్ర సిరాతో 'మా వంశ చరిత్ర' అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఆ తరవాత ఏం రాయాలో తెలియక మూడు వారాలు ఊరుకున్నాను.

మొదటి ఆధారం అటక మీద దొరికింది. నీలం పూల పింగాణీ పళ్ళెం ఒకటి గుడ్డలో చుట్టి ఉంది. అలాంటి పళ్ళెం ఊళ్ళో ఇంకెవరింట్లోనూ లేదు. నాకు వెంటనే అర్థమైపోయింది. మా ముత్తాత ఏదో సీమనుంచి వచ్చిన ఓడ కెప్టెను. తుఫానులో ఓడ పగిలింది, ఈదుకుంటూ మా ఒడ్డుకు చేరాడు. (చేతిలో పళ్ళెం పట్టుకుని ఎలా ఈదాడన్న అనుమానం నాకు రాలేదు.) నోటుబుక్కులో నాలుగు పేజీలు నిండాయి. బళ్ళో హెడ్మాస్టరుగారికి చెబితే ఆయన నాకంటే గట్టిగా నమ్మి మూడో తరగతి పిల్లలకు కూడా చెప్పేశాడు. వారం రోజులు పిల్లలు లెక్కలు మానేసి నా ముక్కు వైపు చూశారు. సగం రోజు సెలవు పెట్టి, పళ్ళెం తువ్వాల్లో చుట్టుకుని, బస్సెక్కి నెల్లూరు బజారులో పింగాణీ సామాన్ల కొట్టుకు తీసుకెళ్ళాను. కొట్టాయన దాన్ని తిరగేసి చూసి, వెనక అరలో ఉన్న అలాంటివే డజను పళ్ళేలు చూపించాడు. ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. బిట్రగుంట రైల్వే కాలనీలో బదిలీ మీద పోయే వాళ్ళెవరో సామాన్లు అమ్ముకుంటే, నేను పుట్టిన ఏడు ముచ్చటపడి కొనుక్కుందట. తనని అడగకుండా ఎందుకు తీశావని ఆ రాత్రి భోజనం అయ్యేదాకా చీవాట్లు పెట్టింది. మా వంశ చరిత్రలో నాలుగు పేజీలు చింపేశాను.

ఆధారమంటే కాగితం మీద ఉండాలని అప్పటికి తెలిసింది. పాస్టరు అయ్యగారిని బతిమాలి పాత బాప్తిస్మాల రిజిస్టరు తీయించాను. అంచులు చెదలు తిన్న పెద్ద పుస్తకం. అందులో ఒక చిక్కుంది. బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్ళు పాత పేరు వదిలేసి బైబిలు పేరు పెట్టుకునేవారు. పాత పేరు ఎవరూ రాసి పెట్టలేదు, ఇంటిపేర్లూ లేవు. ఊరంతా అబ్రహాములు, యాకోబులు, యోహానులు. మా ముత్తాత యోహాను అని మాత్రం నాన్నకు తెలుసు. మొదటి పేజీ తిప్పానో లేదో యోహాను కనబడ్డాడు, పక్కన 'కాలవ పని' అని కూడా ఉంది. ఇంకేం కావాలి. రెండో పేజీ తిప్పకుండా పుస్తకం మూసేసి సమాధుల తోట వైపు పరుగెత్తాను. అక్కడ ఒక మూల యోహాను అని చెక్కిన పాత సమాధి ఒకటి నాచుపట్టి ఉంది. ఎవరూ పట్టించుకోని మా ముత్తాతను చూసి గుండె చెరువైంది.

మా వైపు ఈస్టరుకు ముందు ఎవరి వాళ్ళ సమాధులకు వాళ్ళు సున్నం కొట్టుకుంటారు. ఆ ఏడు మంచి శుక్రవారం ఆరాధన అయిన మర్నాడు నేను మూడో తరగతి పిల్లల్ని పదిమందిని వెంటేసుకుని, బకెట్టెడు సున్నంతో దిగాను. నాచు గీకాం. పగుళ్ళు పూడ్చాం. ఒక పూత వేసి, ఆరాక రెండో పూత వేసి, నీలిమందు కలిపి మూడో పూత కూడా వేశాం. బంతిపూల దండ పెట్టాం. పిల్లల చేత కీర్తన కూడా పాడించాను. ముందుబల్ల తాత తన వాళ్ళ సమాధులు చూసుకోవడానికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, పొద్దుటినుంచి సాయంత్రం దాకా అక్కడక్కడే తిరిగాడు. ఒక్క మాట అనలేదు. పని పూర్తయి నేను నడుం పట్టుకుని లేచాక దగ్గరికొచ్చి, "మా తాత సమాధి ఇంత తెల్లంగా ఎప్పుడూ లేదు పాపా. పనోడు జరమొచ్చి రాలేదు, ఏం చేద్దామా అనుకుంటన్నా," అన్నాడు.

ఆ దెబ్బతో ఊళ్ళో నా పేరు సున్నం టీచరు అయింది. ఇంకొకరైతే నోటుబుక్కు పొయ్యిలో పెట్టేవారు. నేను రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు వెళ్ళి రిజిస్టరు మొదటినుంచి చివరిదాకా చదివాను. యోహానులు మొత్తం ముగ్గురు. మూడోవాడు మా వాడు. అనుమానం లేదు, ఎందుకంటే తరవాత ఎవరో వేరే సిరాతో ఆయన కొడుకు పేరు హబక్కూకు అని చేర్చారు. అది మా తాత పేరు. జిల్లా మొత్తం మీద ఆ పేరు ఇంకొకరికి ఉంటుందని నేననుకోను. ఈ యోహాను బాప్తిస్మం మొదటి ఏడు కుటుంబాలకు ఏడాది తరవాత జరిగింది. పక్కన రాసిన మాట చూసి నేను ఆగిపోయాను. 'కాలవ పని. తిరిగి వచ్చినవాడు.' తిరిగి వచ్చాడంటే అంతకుముందు ఇక్కడ ఉన్నవాడే కదా. మరి ఎందుకు వెళ్ళాడు? అవ్వను అడిగితే, పొయ్యి మీద కూర మాడిపోతోందని లేచి వెళ్ళింది. ఆ పూట పొయ్యి వెలిగించనే లేదు.

కాలవలో కట్టెల పడవలు నడిపే ఒకాయన దారి చూపించాడు. దక్షిణంగా ఒక రోజు దూరంలో, లాకుల దగ్గర ఒక ముసలమ్మ ఉందట. కాలవ తవ్వించిన మేస్త్రీ కూతురట. తొంభై దాటినా మాట పోలేదట. వేసవి సెలవులివ్వగానే బయలుదేరతానన్నాను. నాన్న ససేమిరా అన్నాడు. మూడు రోజులు అన్నం మానేశాను. (పొరుగింట్లో తిన్న ముంజలు, మామిడిపళ్ళు అన్నం కిందికి రావు.) చివరికి గొడుగు చంకన పెట్టుకుని నాన్న కూడా వచ్చాడు. సరుగుడు కట్టెల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాం. గాలి ఉన్నంతసేపు తెరచాప, లేనప్పుడు గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు పట్టి లాగుతారు. దారి పొడుగునా నాన్న, దీనివల్ల ప్రయోజనమేమిటని నన్ను అడుగుతూనే ఉన్నాడు. నేను నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, అలా లాగేవాళ్ళ కాళ్ళ కింద గట్టు మా ముత్తాత పోసిందేనని గర్వపడుతూ కూర్చున్నాను.

ముసలమ్మ లాకుల పక్క తాటాకు పందిరి కింద ముంజలమ్ముతోంది. చూపు పూర్తిగా పోయింది, చేతులు మాత్రం చకచకా ముంజలు ఒలుస్తున్నాయి. ఎవరి బిడ్డనని అడిగింది. హబక్కూకు మనవరాలిని, యోహాను మునిమనవరాలిని అన్నాను. "ఏ యోహాను? ఓ, దిబ్బ యోహానా," అని నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వింది. తరవాత చెప్పింది. మేం ఇంకో ఊరి వాళ్ళం కాదు, ఇంకో దేశం వాళ్ళం అంతకంటే కాదు. ఎనభై అయిదేళ్ళ కిందటి ధాత కరువులో ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ళు ఖాళీ అయి జనం తూర్పుకు నడిచొచ్చారు. మిషను దొరగారు కాలవలో కొంత పని తీసుకుని వాళ్ళను తవ్వకానికి పెట్టాడు. మా ముత్తాతా, ఆ ఏడు కుటుంబాలూ ఒకే జట్టు. ముందుబల్ల తాత వాళ్ళ తాత కూడా అందులోవాడే. అంటే ఊళ్ళో అందరూ వచ్చినోళ్ళే. ఆ ముక్క వినగానే నేను లేచి గంతేయబోయాను. నాన్న నా కొంగు పట్టి కూర్చోబెట్టాడు. ఆయన ముఖంలో ఇంకా ఏదో రాబోతోందన్న భయం కనిపించింది.

రాబోయేది ఇదీ. మట్టి తవ్వేటప్పుడు గుంట మధ్యలో ఒక చిన్న దిబ్బను తవ్వకుండా వదిలేస్తారు. దాని నెత్తి మీద పాత నేల, గడ్డి అలాగే ఉంటాయి. వారాంతంలో ఓవర్సీరు వచ్చి దిబ్బ ఎత్తు కొలుస్తాడు. దిబ్బ ఎంత ఎత్తుంటే అంత లోతు తవ్వినట్టు, అంత కూలి గింజలు. ఆకలికి జట్టులో సగంమందికి గడ్డపార లేవడం లేదు. పిల్లలు గట్టు మీద పడి ఉన్నారు. మా ముత్తాత దిబ్బ మీది గడ్డిని చాపలా జాగ్రత్తగా కోసి ఎత్తి, కింద జానెడు మట్టి పోసి, మళ్ళీ గడ్డి కప్పేశాడు. జానెడు లోతు పెరిగింది. గింజలు పెరిగాయి. వారం వారం దిబ్బ పెరుగుతూ వచ్చింది. ఓవర్సీరు ఈ జట్టు కష్టాన్ని మెచ్చుకున్నాడు కూడానట. ఇంతలో కరువు తీరాలని, వాన కురవాలని జట్టంతా కలిసి ప్రార్థన పెట్టుకున్నారు. అందరికంటే గట్టిగా ప్రార్థన చేసింది మా ముత్తాతేనట. వాన కురిసింది. రాత్రంతా కురిసింది. తెల్లారేసరికి పోసిన మట్టి కరిగి, గడ్డి పక్కకు జారి, దిబ్బ బోడితలతో నిలబడింది.

"మా నాయన జట్టునంతా వరసన నిలబెట్టినాడు. ఎవురు చేసిందని అడిగితే, నేనే, నేనొక్కడినే అన్న్యాడు మీ ముత్తాత. మిగిలినోళ్ళు నేల చూసినారు. మా నాయన ఆయన్ని పనిలోంచి తీసేసినాడు. ఆ ఆదివారమే జట్టంతా కాలవలో బాప్తిస్మం తీసుకుంది," అంది ముసలమ్మ. ఆయన మళ్ళీ ఏడాదికి గానీ తిరిగి రాలేదు. నోటుబుక్కులో నేను ఒక్క మాట కూడా రాసుకోలేదు. ముంజలు తిన్నానో లేదో కూడా గుర్తులేదు. ఓడ కెప్టెను కోసం బయలుదేరి దొంగను పట్టుకొచ్చాను. తిరుగు పడవలో నాన్న ఒకే ఒక్క మాటన్నాడు, ఇదంతా అవ్వకు చెప్పొద్దని. ఇల్లు చేరిన అయిదు నిమిషాలకు నేను మొత్తం చెప్పేశాను.

అవ్వ చేటలో బియ్యం ఏరుతోంది. ఏరుతూనే వింది. నేను ఏడుపు గొంతుతో, మన ముత్తాత దొంగని నీకు తెలుసా అన్నాను. చేట కింద పెట్టింది. "తెలిసే చేసుకున్నా," అంది. ఆవిడ పెళ్ళికి వాళ్ళ తాత ఒప్పుకోలేదట. చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివితే మూడో ఆదివారం ఆయన ఇల్లు కదల్లేదట. ఆ రోజు నుంచి పుట్టింటివాళ్ళు మా ఇంట్లో చెయ్యి తడపలేదు. ఎందుకు చేసుకున్నావని అడిగాను. "పదిమంది ఆకలి నెత్తినేసుకున్నోడి కొడుకు పెండ్లాన్ని పస్తు పెట్టడులే అని చేసుకున్నా. పెట్టలేదు కూడా. ఆ గింజలు తినే మా నాయన బతికినాడు. ఆయన బతక్కపోతే నేను లేను, ముందు బల్ల మీద మా తమ్ముడూ లేడు." మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, చెబితే మా ముత్తాత దొంగతనంతో పాటు మిగతా ఏడిళ్ళ వాళ్ళు నేల చూసిన సంగతీ బయటపడుతుంది కదా అంది. ఆ ఏడిళ్ళలో ఒకటి ఆవిడ పుట్టిల్లు. నేను సంఘంలో చెప్పేస్తానన్నాను. మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుని, "నువ్వు మొండిదానివి, ఆపితే ఆగేదానివి కాదు. చెప్పేటట్టుంటే మొత్తం చెప్పు పాపా. సగం చెప్పడమంటే అది కూడా దిబ్బ పెంచడమే," అంది.

సంఘ పండుగకు ముందు శనివారం సాయంత్రం అందరూ చర్చిలో చేరారు. చెక్కిన రాయి వరండాలో గోనెపట్టా కింద ఉంది. నేను లేచి నోటుబుక్కు తెరిచాను. సందె చీకట్లో అక్షరాలు కనబడక పుస్తకం మూసేసి నోటితోనే చెప్పాను. మెట్టనుంచి అందరూ కలిసి నడిచొచ్చిన సంగతి చెప్పాను. దిబ్బ సంగతి, వాన సంగతి, నేల చూసిన సంగతి, అన్నీ చెప్పాను. మా ముత్తాత చేసింది దొంగతనమేననీ, ఆ దొంగ గింజలు తిన్నవాళ్ళే మొదటి కుటుంబాలనీ అన్నాను. ఆ మాటకు సంఘంలో గుసగుసలు లేచాయి. పాస్టరు అయ్యగారు బైబిలు తెరిచి తల అందులో పెట్టేశాడు. నన్ను బయటికి పంపించేస్తారని, రేపటినుంచి బళ్ళో ఉద్యోగం కూడా ఉండదని నాకు ఖాయమైపోయింది. అయినా నిలబడే ఉన్నాను.

ముందుబల్ల తాత బల్ల పట్టుకుని లేచాడు. "పాప చెప్పిన దాంట్లో ఒక తప్పుండాది," అన్నాడు. "చాపంత గడ్డి చిరక్కుండా ఎత్తాలంటే ఒక్కడి వల్ల కాదు. రెండో పక్క పట్టుకున్నోడు మా తాత. సచ్చేముందు మా నాయనకు చెప్పినాడు, మా నాయన నాకు చెప్పినాడు. ఆ ఇంటికి పిల్లనిస్తే ఆయన ముఖం రోజూ చూడాల్సొస్తాదని మా తాత పెండ్లికి అడ్డం పడినాడు. నేనూ ఇన్నేండ్లు..." అని ఆగి, ఆడవాళ్ళ వైపు, వెనక తలుపు దగ్గరికి చూసి, "అక్కా," అన్నాడు. అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని, "కూర్చోరా, కాళ్ళు వణుకుతున్నాయి," అంది.

మా పేరు చెక్కాలని ఎవరూ తీర్మానం చెయ్యలేదు, అందరూ వరండాలోకి నడిచారు, అంతే. గోనెపట్టా తీస్తే మా ఖాళీ వరస లేదు. కొడవలూరు నుంచి వచ్చిన శిల్పి, చోటు వట్టిగా వదిలితే రాయి బోసిగా ఉంటుందని, అక్కడ ద్రాక్షతీగ చెక్కి రెండు పిట్టల్ని కూర్చోబెట్టాడు. పనితనం చాలా బాగుంది, ఏమనడానికీ లేదు. ఇక మిగిలిన చోటల్లా పైన, సిలువ గుర్తుకూ మొదటి పేరుకూ మధ్య. శిల్పి రాత్రి లాంతరు పెట్టుకుని అక్కడే చెక్కాడు. ఏ యోహానో తెలియాలి కదా, అందుకని 'దిబ్బ యోహాను కుటుంబం' అని రాయమన్నాడు ముందుబల్ల తాత. తెల్లారి చూస్తే అందరికంటే ఆఖరున రావలసిన దొంగ అందరి నెత్తి మీదా కూర్చుని ఉన్నాడు.

ఆ ఆదివారం నేను అవ్వ చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళబోయాను. ఏడు నెలల పాటు నేను పడ్డ పాట్లన్నీ ఆ నాలుగు అడుగుల కోసమే. ఆవిడ చెయ్యి విడిపించుకుని వెళ్ళి వెనక తలుపు పక్కనే చతికిలబడింది. ఎందుకే అంటే, "ఈడ సముద్రం గాలి తగుల్తాది పాపా. ముందర ఉడుకు. నేను పెండ్లయినకాణ్ణించి ఈడ కూర్చునేది అందుకే," అంది. మధ్యాహ్నం ముందుబల్ల తాత మా ఇంట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. అవ్వ వండిన చేపల పులుసు మూడుసార్లు వేయించుకున్నాడు. మామిడికాయ ముక్కలు తక్కువయ్యాయని వంక కూడా పెట్టాడు. అవ్వ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ, చిన్నప్పుడూ నువ్వింతేనని తిడుతూ ఉంది.

మరుసటి వానాకాలంలో అవ్వ నాలుగు రోజుల జ్వరంతో వెళ్ళిపోయింది. ఇప్పుడు నాది ఆవిడ కంటే పెద్ద వయసు. ఎవరైనా వంశ చరిత్ర అంటూ నా దగ్గరికి వస్తే, ఆ పంతొమ్మిదేళ్ళ మొండిపిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. అంత ధైర్యం నాకిప్పుడు లేదు, అంత తొందరా లేదు. ఎప్పుడో చచ్చిపోయినవాడి కోసం సమాధులు గీకింది, పడవెక్కింది, లాకుల దాకా పోయి గుడ్డి ముసలమ్మను ఎన్ని ప్రశ్నలు వేసిందో. తాతకు ఎదురు తిరిగి నచ్చినవాణ్ణి చేసుకున్న ఆడమనిషి ఇంట్లోనే ఉంటే, ఆ రోజుల్లో నీకంత గుండె ఎక్కడిదే అవ్వా అని ఒక్క మాటు అడగలేదు. మొన్న పెట్టె సర్దుతుంటే ఆ నోటుబుక్కు దొరికింది. ముత్తాత గురించి పదకొండు పేజీలు, రెండు పటాలు. ఆ తరవాత పేజీలో ఎర్ర సిరాతో 'అవ్వ' అని శీర్షిక, దాని కింద నా చేతిరాతే ఒక్క వాక్యం: 'ఇంట్లోనే ఉంది కదా, తీరిగ్గా రాసుకోవచ్చు.'